ముద్ర మింగిన గొంతు

మొసలి మైలారుణ్ణి వదిలిపెట్టింది గాని అతని కండువాను వదల్లేదు. పళ్ళకు చిక్కుకున్న ఎర్రగుడ్డను విదిలించుకోలేక అది నీళ్ళలో సుళ్ళు తిరుగుతుంటే, ఇతను దుంగను కావలించుకుని కాళ్ళతో తన్నుకుంటూ వచ్చి నీలవాహిని ఒడ్డున రెల్లుపొదల్లో బోర్లా పడ్డాడు. మింగిన నీళ్ళు కక్కాడు. వీపుకు కట్టుకున్న తప్పెటను తడుముకున్నాడు. చర్మం తడిసింది, చిరగలేదు. అప్పుడు గాని వెనక్కి తిరిగి చూడలేదు.

నది నడుమ పసిడిలంక ఉదయపు ఎండలో ధగధగ మెరుస్తోంది. ఇసుక తిన్నెలు కరిగించి పోసిన బంగారంలా ఉన్నాయి. వాటి వెనుక కొబ్బరితోపులు, తోపుల మీద చిలకల బారులు, ఒడ్డుకు వచ్చి మెడలు వంచి నీళ్ళు తాగే జింకల మందలు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మొగలిపూల వాసన, కొత్త బియ్యం ఉడికే వాసన. ఈ ఒడ్డున నిలబడి చూసిన ఎవరికైనా అక్కడికి వెళ్ళిపోయి బతకాలనిపిస్తుంది. నిన్న మధ్యాహ్నం దాకా మైలారుడికీ అలాగే అనిపించింది.

దగ్గరికి వెళ్ళాక చిలకలు లేవు, జింకలు లేవు. నల్లటి బండ ఒకటుంది. దాని మీద బారులు తీరి కూర్చున్న మనుషులున్నారు. ఎదుట విస్తళ్ళు, విస్తళ్ళ వైపు చాచిన చేతులు, తెరిచిన నోళ్ళు. అందరూ రాయి. వడ్డన కోసం ఎదురుచూస్తూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే రాయైపోయారు. మొదటి బారులో మొదటివాడు కుమ్మరి ఓబన్న, మైలారుడి చెల్లెలు ఇరుగమ్మ మొగుడు. "బావా" అని పిలుస్తూ మైలారుడు ఆ భుజం పట్టుకు కుదిపాడు. అరచేతికి చల్లటి రాయి తగిలింది.

బండ చివర ఒక కొలిమి రగులుతోంది. మంత్రి కాలజిహ్వుడి శిష్యులు మూతలు బిగించిన రాగిచెంబులు అక్కడికి మోస్తున్నారు. ఆ చెంబుల్లోంచి తుమ్మెదల రొదలాంటిది వినిపించింది. అదేమిటో అంతుపట్టేలోగా ఒక శిష్యుడు అతన్ని చూశాడు. ఆపైన పరుగు, బాణాలు, సుడిగుండంలో తెప్ప ముక్కలైపోవడం, మొసలి.

ఈ రోజు మధ్యాహ్నం శంఖం ఊదగానే మకరపురి రేవు నుంచి మరో మూడు పడవలు, కాపురాలు పెట్టడానికి వెళ్ళే జనంతో, ఆ లంకకు బయలుదేరుతాయి. వాటిలో ఇరుగమ్మ ఉంటుంది.

మైలారుడు లేచి పరుగెత్తాడు.

మకరపురి రాజ్యంలో తప్పెట వాయించి సంతల్లో వార్తలు చెప్పేవాళ్ళను చాటరులంటారు. పూర్వం ఎవరైనా చాటరి కావచ్చు. తప్పెటా, నోరూ ఉంటే చాలు. కాని ఒక కట్టుబాటు ఉండేది. వార్త నచ్చకపోయినా, నమ్మకం కలగకపోయినా, వినేవాళ్ళలో ఎవరైనా సరే ముందుకు వచ్చి చాటరి చేతిలో కర్ర పట్టుకుని, "చూశావా? విన్నావా?" అని అడగవచ్చు. చూస్తే ఎక్కడ చూశాడో, వింటే ఎవరి దగ్గర విన్నాడో చెప్పాలి. చెప్పలేకపోతే అక్కడికక్కడే తప్పెట చించేసేవాళ్ళు. రాజుగారి గురించి చెప్పినా అంతే, రజకుడి గురించి చెప్పినా అంతే.

నాలుగేళ్ళ కిందట గొంగళ్ళ సంతలో ఒక దొంగ చాటరి, ఎవరో వర్తకుడు ఆశపెడితే, చెరువు కట్ట తెగిందని చాటాడు. ఆ రోజు ఒక్కరూ కర్ర పట్టలేదు. తొక్కిసలాటలో తల్లుల చేతుల్లోని పిల్లలు నలిగిపోయారు. ఊరు ఊరంతా చాటరుల మీద ఉమ్మింది. అప్పుడు చాటరుల పెద్ద భైరవయ్యే తోటివాళ్ళను వెంటబెట్టుకుని ఇంద్రకేతు మహారాజు కొలువుకు వెళ్ళి, "మహాప్రభూ! దొంగెవడో, దొరెవడో జనానికి తెలిసేలా మాకేదైనా గుర్తు ఇప్పించండి" అని వేడుకున్నాడు.

వాళ్ళు గుర్తు అడిగారు. కాలజిహ్వుడు ముద్ర ఇచ్చాడు. నల్లతాడుకు కట్టిన కంచుబిళ్ళ, సరిగ్గా గొంతు గుంట మీద ఆనేలా మెడలో కట్టుకోవాలి. అమావాస్య అమావాస్యకూ పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి. అది లేకుండా తప్పెట కొడితే వేళ్ళు తీసేస్తారు. అది ఉన్నవాడి కర్ర పడితే రాజద్రోహం. జనం సంతోషించారు. ఇక సంతలో నిలబడి అనుమానపడే శ్రమ తప్పిందనుకున్నారు.

మైలారుడు కూడా ముద్ర ఇచ్చేముందు పెట్టే పరీక్షకు వెళ్ళాడు. "ప్రభువులు పొరపాటు చేస్తే ఏమని చాటుతావు?" అని అడిగారు. "పొరపాటు చేశారని చాటుతాను" అన్నాడు. పరీక్ష అంతటితో అయిపోయింది.

పొద్దు పైకొచ్చేసరికి అతను సంతవీధిలో పడ్డాడు. ఎదురైనవాళ్ళనల్లా ఆపి, "పసిడిలంకకు వెళ్ళకండి! అక్కడ మనుషులు రాళ్ళైపోతున్నారు! నేను చూసి వస్తున్నాను" అని అరిచాడు.

మజ్జిగ అమ్ముకునే ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసి, "ముద్రేది నాయనా?" అంది.

"ముద్రెందుకమ్మా? కళ్ళతో చూశానంటున్నాను!"

"ముద్రలేనోడికి కళ్ళుంటే ఎంత, లేకపోతే ఎంత? పక్కకి జరుగు, బేరం చెడగొట్టకు."

"తాగొచ్చినట్టున్నాడు" అన్నాడు ఇంకొకడు. "కాదురా, వీడికి లంకలో చోటు ఇవ్వలేదు. అందుకే ఏడుపు" అన్నాడు మరొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు వినే ముద్రభటులు వచ్చారు.

మైలారుడు కంసాలి అరుగెక్కి, అరుగు మీంచి పందిరెక్కి, పందిరి మీంచి ఇంటికప్పు మీదికి ఉరికాడు. పెంకులు పటపటమని జారి భటుల శిరస్త్రాణాల మీద పగిలాయి. ఒకడు విసిరిన ఈటె అతని చెవి పక్కగా పోయి ధ్వజస్తంభానికి గుచ్చుకుంది. కప్పు మీంచి కప్పు మీదికి దూకుతుంటే నాలుగో కప్పు అతని బరువు ఆపలేకపోయింది. వాసాలు విరిగి, ధనామని కిందపడ్డాడు. అది దూదేకులవాడి కొట్టు. ఏకిన దూది కొండంత పోగుపోసి ఉంటే అందులో నిలువునా మునిగాడు. ఒళ్ళు ఇంకా నదిలో తడిసిన తడి. దూది తలకూ గడ్డానికీ కనుబొమలకూ అతుక్కుపోయింది.

భటులు తలుపు తోసుకుని వచ్చేసరికి తెల్లటి గడ్డం ముసలివాడొకడు మూలుగుతూ గుమ్మంలోంచి బయటికి వస్తున్నాడు.

"తాతా! ఇటు ఎవడైనా పడ్డాడా?"

"పడ్డాడు బాబూ, నా నడుం మీదే పడ్డాడు. వెనక దొడ్లోకి పోయాడు, వెధవ సచ్చినోడు."

భటులు దొడ్లోకి పరుగెత్తారు. వీధి మలుపు తిరిగాక మైలారుడు నీళ్ళతొట్టిలో తన నీడ చూసుకుని ఆగిపోయాడు. ఆ గడ్డం, ఆ కనుబొమలు, ఆ జుట్టు. అచ్చం గురువు భైరవయ్య. రేవులో మధ్యాహ్నపు చాటింపు చేసేది ఆయనే.

ముద్రుంటేనే వింటారు. సరే, ముద్రతోనే వినిపిస్తాను, అనుకున్నాడు.

రేవు పక్కన వలలు ఆరేసుకునే గుడిసెలో భైరవయ్య ఒక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తలపాగా, పట్టు అంగీ, ఒళ్ళో వెండి అంచుల తప్పెట. గొంతు గుంట మీద కంచుబిళ్ళ. మైలారుడికి తప్పెట పట్టడం, నిజం చెప్పడం నేర్పింది ఆయనే.

"గురువుగారూ! నేను మైలారుణ్ణి. లంకకు వెళ్ళొచ్చాను. అక్కడ పంటల్లేవు, పాడు లేదు. వెళ్ళినవాళ్ళంతా రాళ్ళు. మా ఓబన్న బావ కూడా. ఈ రోజు మీరు చాటకండి. మీ మాట జనం వింటారు."

భైరవయ్య కళ్ళు పెద్దవయ్యాయి. నోరు మాత్రం మెల్లగా, తియ్యగా తెరుచుకుంది. "పసిడిలంకలో అందరూ సుఖంగా ఉన్నారు నాయనా. ముంతెడు చల్లితే గాదెడు పండుతోంది."

గొంతు బొంగురుగా ఉంది. ఎక్కడో విన్న గొంతు. వయసు మీద పడి అలా అయిందనుకున్నాడు మైలారుడు.

"నేను చూశానంటే వినరేం?"

"చూడటానికి నీకు అనుమతి ఎవరిచ్చారు? వైద్యుడికి పరీక్ష ఉంది. పడవవాడికి పరీక్ష ఉంది. ఊరందరి చెవుల్లో మాట పోసేవాడికి ఉండొద్దా? గొంగళ్ళ సంతలో చచ్చిన పసివాళ్ళను మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. పడవ ముంచినవాణ్ణి ఒడ్డుకు లాగి నిలదీస్తాం. వైద్యం వికటిస్తే వీధిలో పెట్టి అడుగుతాం. మీ ముద్ర వచ్చాక అడిగే నోరేది గురువుగారూ? దొంగను పట్టుకోమంటే ఊళ్ళో తలుపులన్నీ బయటనుంచి గొళ్ళెం పెట్టించారు."

"ముద్ర మంచిది నాయనా. అందరికీ మంచిది" అంది భైరవయ్య నోరు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి గడ్డంలోకి దిగుతున్నాయి.

ఆ కన్నీళ్ళు చూసి మైలారుడికి అసహ్యం వేసింది. ఏడుస్తూ కూడా అబద్ధమే చెబుతున్నాడే అనుకున్నాడు. ఒక్క దూకు దూకి ఆయన్ను పడదోసి, కేకపెట్టకుండా ముందు నోట్లో గుడ్డ కుక్కి, వలతాడుతో కట్టి, అప్పుడు మెడలో నల్లతాడు తెంపాడు. తాడు తెగగానే ముసలాయన గుడ్డ వెనుక నుంచి గింజుకుంటూ ఏదో అరవసాగాడు. తల అడ్డంగా ఊపాడు. కట్టిన కాళ్ళతో నేలను తన్నాడు. వద్దు వద్దన్నట్టు ముద్రకేసి చూశాడు.

"ముద్ర పోతే పదవి పోతుందని బెంగా?" అన్నాడు మైలారుడు. "సాయంత్రానికి తెచ్చిస్తాను, కంగారు పడకండి."

ఆయన తలపాగా చుట్టుకుని, వెండి అంచుల తప్పెటా కర్రా అందుకుని, తెగిన తాడు ముడివేసి మెడలో కట్టుకున్నాడు. బిళ్ళ జలగలా చల్లగా గొంతుకు పట్టుకుంది.

రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. మూడు మహానావలు, ఒక్కొక్కదాని ముక్కున చెక్కిన హంస, హంస మెడకు కంచుగొలుసు, తెరచాపల నిండా అద్దకపు పువ్వులు. ఎత్తైన పందిరి కింద కాలజిహ్వుడు కూర్చుని తాంబూలం నములుతున్నాడు. ఎంత నమిలినా ఆ నాలుక ఎర్రబడదు, కాటుకలా నల్లగానే ఉంటుంది. రెండు నావలు అప్పటికే నిండాయి. మూడోదాని బల్ల ఎక్కుతూ ఇరుగమ్మ కనిపించింది. చంకలో విత్తనాల మూట, చేతిలో సారె తిప్పే కర్ర. మొగుడు మరిచిపోయి వెళ్ళాడని తీసుకెళ్తోంది.

మైలారుడు తప్పెట మోగించాడు. జనం ఇటు తిరిగారు. "భైరవయ్యగారు, భైరవయ్యగారు" అని దారి ఇచ్చారు. ముద్ర చూసి భటులు కూడా తప్పుకున్నారు. 'ఎక్కకండి' అని ఒక్క మాట. అంతే చాలు. గుండెనిండా గాలి పీల్చి నోరు తెరిచాడు.

"మకరపురి ప్రజలారా! పసిడిలంక మీకోసం ఎదురు చూస్తోంది!"

అది అతని మాట కాదు. అతని గొంతూ కాదు. కుమ్మరి ఆవం పొగకు బొంగురుపోయిన గొంతు. ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. రాగిచెంబుల్లో రొద పెట్టిందేమిటో తెలిసింది. గురువు ఎందుకు ఏడ్చాడో, గుడ్డ వెనుక ఏమని అరిచాడో తెలిసింది. చేతులు తాడు వైపు పోనివ్వాలని చూశాడు. చేతులు తప్పెట కొడుతూనే ఉన్నాయి.

"ముందు వెళ్ళినవాళ్ళు మేడలు కట్టుకున్నారు. కుమ్మరి ఓబన్న కొత్త ఆవం పెట్టాడు. భార్య వస్తుందని ఇల్లు కట్టి, గుమ్మానికి పసుపు రాశాడు. త్వరపడండి!"

రాయైపోయినవాడి గొంతే అతని పెళ్ళాన్ని పిలుస్తోంది. ఆ పిలుపు అన్న నోట్లోంచి వస్తోంది.

బల్ల మీద ఇరుగమ్మ ఆగిపోయింది. వెనుక ఉన్నవాళ్ళు తోశారు. ఆమె కదల్లేదు. తర్వాత మూట అక్కడే పడేసి, జనాన్ని నెట్టుకుంటూ కిందికి వచ్చింది.

"తాతా, ఆ గొంతు మా ఆయనది. నీ నోట్లోకి ఎట్టా వచ్చింది?"

"జలుబు చేసుంటుందే, పెద్దాయన. పద, ఎక్కు" అన్నారు పక్కవాళ్ళు.

"పన్నెండేళ్ళు కాపురం చేశాను. ఆయన గొంతు నాకు తెలీదా? మీరు తప్పుకోండి!"

ఆమె చెయ్యి చాచి అతని చేతిలో కర్ర పట్టుకుంది. నాలుగేళ్ళుగా ఆ రాజ్యంలో ఎవరూ చెయ్యని పని అది.

"చూశావా? విన్నావా?" అని అడిగింది ఇరుగమ్మ.

మైలారుడి నోరు తెరుచుకునే ఉంది. మాట రాలేదు. ఆ ప్రశ్నకు ముద్రలో జవాబు లేదు. జవాబు పొయ్యాలని కాలజిహ్వుడికి తట్టలేదు. ముద్ర ఉన్నవాణ్ణి అడిగే మనిషి ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

"రాజద్రోహం! పట్టుకోండి దాన్ని!" అని దళపతి కేకపెట్టాడు.

ఆమె అప్పటికే ఆ కళ్ళలోకి చూసింది. పిల్లప్పటి నుంచి ఎరిగిన కళ్ళు. ఒక్క గుంజు గుంజింది. తాడు తెగింది, తాడుతోపాటు గడ్డంలో సగం దూది ఊడి వచ్చింది.

"అన్నా!"

"ఎక్కకండి!" మైలారుడి సొంత గొంతు రేవు నలుమూలలా పగిలింది. "అక్కడ పంట లేదు, ఇల్లు లేదు! వెళ్ళినవాళ్ళంతా రాళ్ళు! వాళ్ళ గొంతులు కరిగించి ఈ ముద్రల్లో పోస్తున్నారు! నేను చూశాను! దిగండి!"

కొందరు దిగారు. బల్ల మీద ఉన్నవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, ఇరుగమ్మ ఇరుగుపొరుగువాళ్ళు. గానుగ వర్తకుడు చెంచయ్య మాత్రం నావ అంచున నిలబడి చెయ్యెత్తాడు.

"ఒక మాట చెప్పు. ముద్ర ఉన్నంతసేపూ ఎక్కమన్నావు. ముద్ర పోయాక దిగమంటున్నావు. నీది ఏ మాట నమ్మమంటావయ్యా?"

"ముద్రతో చెప్పిందే నమ్మాలి" అన్నారు నావలోని జనం. "అసలు వీడు భైరవయ్యే కాదు. వేషగాడు!"

కాలజిహ్వుడు పందిరి కింద నుంచి లేవను కూడా లేవలేదు. తాంబూలం ఉమ్మి నవ్వాడు. "విన్నావా మైలారా? మంత్రం వేద్దామని చెయ్యెత్తాను. నాకు ఆ శ్రమ కూడా పెట్టలేదు వీళ్ళు."

శంఖం మోగింది. మోకులు వాటంతట అవే ఊడిపోయాయి. నావలు కదిలాయి.

"చెల్లీ! వలల గుడిసెలో గురువుగారున్నారు. కట్లు విప్పు. ఆయన గొంతు ఆయనకు వచ్చింది. ఆ బిళ్ళ మాత్రం పారెయ్యకు!"

"బిళ్ళేమిటి, ఇందులో నా మొగుడున్నాడు!" అంది ఇరుగమ్మ. బిళ్ళను కొంగున ముడివేసి, మీదపడిన భటుడి మోకాలి మీద సారె కర్రతో ఒక్కటి కొట్టి, వలల మధ్యకు పరుగు తీసింది.

మైలారుడు ఈటెల కింద నుంచి దొర్లి, రేవు అంచున కాలు మోపి, మూడో నావ మీదికి గెంతాడు. వేళ్ళు అంచుకు అందాయి. లోపలికి పాకగానే పదిమంది మీదపడ్డారు.

"నీళ్ళలోకి తోసెయ్యండి వీణ్ణి! మన నోటికాడ కూడు పడగొట్టడానికి వచ్చాడు!"

కాళ్ళూ చేతులూ పట్టి పైకెత్తారు. కింద సుడిగుండం నోరు తెరిచి తిరుగుతోంది. అప్పుడు చేపలమ్మే ముత్తాలు అడ్డం వచ్చింది. ఆమె పెద్ద కొడుకు రెండో విడతలో లంకకు వెళ్ళాడు.

"ఆగండ్రా. తొయ్యడానికి తొందరేముంది, నీళ్ళు ఎక్కడికీ పోవు. ఆ పిల్ల అడిగింది, నేనూ అడుగుతాను." ముసలిది వంగి మైలారుడి మణికట్టు పట్టుకుంది. "ఒరే అబ్బాయ్. చూశావా? విన్నావా?"

"చూశానవ్వా."

"మా పెద్దోడు కనబడ్డాడా? ఎడమ చెవికి పోగుంటది."

అబద్ధం చెబితే ఆమె మనసు ఆ కాసేపైనా నిలిచేది. "కనబడ్డాడు. రెండో బారు చివర" అన్నాడు మైలారుడు. "చెయ్యి విస్తరి మీద ఉంది. పోగు కూడా రాయే."

ఎత్తినవాళ్ళ చేతులు వదులయ్యాయి. ముత్తాలు ఏడవలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది.

"పడవ తిప్పండి" అంది.

నలుగురు తెడ్ల మీదికి ఉరికారు. తెడ్లు పట్టి లాగారు, ఎదురు తన్నారు, మీద కూర్చున్నారు. ఒక్కటి ఆగలేదు. ప్రతి తెడ్డు పిడి మీదా వేలిగోరంత కంచు ముద్ర మెరుస్తోంది. బంగారు తిన్నెలు దగ్గరపడుతున్నాయి. కొత్త బియ్యం వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. నావ ముక్కున చెక్క హంస మెల్లగా మెడ ఇటు తిప్పి, ముక్కు తెరిచింది.

"అమ్మా, వచ్చేశావా?" అంది, ముత్తాలు పెద్ద కొడుకు గొంతుతో. "దిగండి, దిగండి. విస్తళ్ళు వేసేశారు."

పిల్లలు లేచి నిలబడ్డారు. చెంచయ్య మూట సర్దుకోబోయి, ముసలిదాని ముఖం చూసి ఆగిపోయాడు.

ముత్తాలు చెయ్యి చాచి మైలారుడి వీపు మీది తప్పెట లాక్కుంది. "వీళ్ళను నేను అరిచి ఆపుతాను. నువ్వు దాని మెడలో కంచుగొలుసు సంగతి చూడు" అని అరచేత్తో తప్పెట మీద ఒక్క దెబ్బ వేసింది.

మైలారుడు చేపల గంపలోని కత్తి పళ్ళ మధ్య కరిచిపట్టి హంస మెడ మీదికి ఎగబాకాడు. నావ అడుగు ఇసుకకు గరగరా ఒరుసుకుంది.